ఏడు ఏడు ఏడు

మన భాషలో ఏడు అనేది అంకె ఒక్కటే కాదు, ఆజ్ఞ కూడా. ఎవరినైనా పట్టుకుని "ఏడు" అంటే ఏడవమని అర్థం. వెబ్ సర్వర్, అంటే అడిగినవాళ్లకి సైట్ పేజీలు పంపే ప్రోగ్రామ్, ఇన్‌స్టాల్ చేసే మహానుభావులు ఫైళ్ల తలుపులన్నీ అందరికీ తెరిచేయడానికి 777 అని ఆ మాటని వరసగా మూడుసార్లు టైప్ చేసి ఎంటర్ కొడుతుంటే, అర్థం తెలిసే చేస్తున్నారేమోనని నాకు అనుమానం.

సంగతి మీకు తెలిసిందే. సర్వర్ ఎక్కించారు, బ్రౌజర్ తెరిచారు, 403 ఫర్బిడెన్, అంటే అనుమతి లేదు, అని వచ్చింది. ఎవరికి, ఏ మెట్టు దగ్గర, ఏ అనుమతి తక్కువైందో చూసుకోమని దానర్థం. నేమ్ఐ మైనస్ ఎల్ (namei -l) అనే కమాండ్ కొడితే ఆ ఫైలు దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీ, అంటే ఫోల్డర్, ఎవరిదో, ఎవరికి ఎంత హక్కుందో వరసగా చూపిస్తుంది. చాలాసార్లు పైనున్న ఏదో ఒక డైరెక్టరీలోంచి దాటి వెళ్లడానికి ఎక్స్ అనే ఒక్క హక్కు కరువై ఉంటుంది, అంతే. కానీ మన నిపుణుడికి అంత ఓపిక ఎక్కడిది? ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టే రకం. కొడతాడు, లోపలున్న అన్నిటి హక్కులూ ఒక్క దెబ్బకి మార్చేసే కమాండ్: సీహెచ్‌మాడ్ మైనస్ ఆర్ 777.

చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి (డైరెక్టరీ అయితే దాటడానికి, ఆ ఎక్స్ ఇదే) 1. కలిపితే 7. మొదటి ఏడు ఓనర్‌కి, రెండోది గ్రూప్‌కి, మూడోది అదర్స్‌కి. అదర్స్ అంటే ఆ మెషీన్ మీద మిగిలిన ప్రతి అడ్డమైనవాడూ. ఒకటో తరగతి కూడికే, అయినా వీళ్లకి ఎప్పుడు కూడినా ఒకటే మొత్తం వస్తుంది.

ఇందులో నాకు జాలేసేది ఆ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ మీద. డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో సర్వర్ పనంతా వాడిదే. 80, 443 లాంటి చిన్న నంబర్ల పోర్టులు, అంటే బయటి రిక్వెస్టులు వచ్చే తలుపులు, తెరవాలంటే మెషీన్ సర్వాధికారి అయిన రూట్ హక్కు ఉండాలి కాబట్టి సర్వర్ మాస్టర్ ప్రాసెస్ రూట్‌గా లేస్తుంది. తలుపు తీశాక, ముక్కూమొహం తెలియనివాళ్ల రిక్వెస్టులన్నీ వీడి నెత్తిన పెడుతుంది. వీడికి పాస్‌వర్డ్ లేదు, లాగిన్ లేదు, ఆస్తి లేదు. కావాలనే పేదవాడిగా పుట్టించారు, దొంగ వచ్చి వీణ్ణి పట్టుకున్నా జేబులో ఏమీ దొరక్కూడదని. మనవాళ్లు కరుణామయులు కదా, ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్ మైనస్ ఆర్ కొట్టి యావదాస్తీ వాడి పేరు మీద రాసిచ్చేస్తారు.

ఆ మధ్య ఒక సర్వర్ చూడమని నన్ను పిలిచారు. ఇన్‌స్టాల్ చేసిన కుర్రాడు పక్కనే కూర్చున్నాడు.

"ముందు సైట్ ఫోల్డర్‌కి 777 ఇచ్చానన్నా. వచ్చింది. మళ్లీ ఇంకెక్కడో ఆగింది."

"అప్పుడు?"

"దాని పై ఫోల్డర్‌కి ఇచ్చా. మళ్లీ ఆగింది. ఎందుకొచ్చిన టెన్షన్ అని మొత్తం స్లాష్ నుంచే, అంటే మెషీన్‌లో ఉన్న అన్నిటికీ, ఇచ్చేశా."

"ఇప్పుడు సైట్ వస్తోందా?"

"సైట్ సంగతి తర్వాతన్నా, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ లేవట్లేదు. కీ ఫైళ్లు మరీ బార్లా తెరిచున్నాయట. డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ ఏమో ఎవరుపడితే వాళ్లు రాయగల కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలుని పట్టించుకోనంటోంది."

"రూట్ హక్కుతో పని చేయించే సుడోతో సరిచేయలేకపోయావా?"

"సుడోకే పర్మిషన్ పోయిందన్నా."

నిజమే. సుడో బతికేది సెట్‌యూఐడీ బిట్ మీద, అంటే ఎవరు నడిపినా ప్రోగ్రామ్‌ని దాని ఓనర్ హక్కుతో నడిపించే గుర్తు మీద. 777 దాన్ని తుడిచేసింది. ఊరందరికీ అన్నీ పంచిపెట్టాక పంచేవాడి దగ్గరే ఏమీ మిగల్లేదు. కుర్రాడు కాసేపు ఆలోచించి, "దానికి కూడా 777 ఇచ్చి చూద్దామా?" అన్నాడు.

గ్రూపుల గురించి నన్ను కదిలించకండి. యూజర్‌ని గ్రూపులో చేర్చే యూజర్‌మాడ్‌లో పెద్ద జీ పక్కన చిన్న ఏ మరిచిపోయి, పాత గ్రూపులు ఊడిపోయి, తనని తానే సుడో గ్రూపులోంచి వెలివేసుకున్న సీనియర్లని చూశాను. సరిగ్గా చేర్చినవాళ్లు మాత్రం? మళ్లీ లాగిన్ అయితేగానీ కొత్త గ్రూప్ అంటదని తెలియక, "గ్రూపులు పనిచేయవు" అని తీర్మానించి, తిరిగి ఆ మూడు ఏడుల దగ్గరికే.

ఇంతవరకు నవ్వుకున్నాం. ఆ మెషీన్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు కూడా 777లోనే ఉంది. ఆ డేటాబేస్‌లో ఉన్నవి కుర్రాడి వివరాలు కావు, నావీ కావు. ఎవరో ఫారం నింపి, మనల్ని నమ్మి ఇచ్చిన ఫోన్ నంబర్లు, అడ్రసులు. అదర్స్‌కి ఏడు ఇమ్మని వాళ్లలో ఎవరైనా చెప్పారా? అప్‌లోడ్ పేరుతో ఎవడో సర్వర్ మీద నడిచే ఒక పీహెచ్‌పీ ప్రోగ్రామ్ ఫైలు తోస్తే అది సైట్ కోడ్‌నే తిరగరాసేస్తుంది. నా కోపం కుర్రాడి మీద కాదు. సాయంత్రంలోగా సైట్ లేవాలని వాడి మెడ మీద కూర్చుని, ఒక్క పూటైనా నేర్పకుండా సర్వర్ చేతికిచ్చినవాళ్ల మీద. ఇన్‌స్టాలేషన్ కాగితంలో "ప్రస్తుతానికి 777 ఇవ్వండి, తర్వాత మార్చుకోవచ్చు" అని రాసిన సిగ్గులేనితనం మీద. తర్వాత ఎవడు మార్చాడండీ? ఒక్కణ్ణి చూపించండి!

సర్వర్ తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాం. డైరెక్టరీలకి 755, ఫైళ్లకి 644, పాస్‌వర్డ్ ఫైలుకి 640. సర్వర్ రాయగలిగేది అప్‌లోడ్ ఫోల్డర్ ఒక్కదాంట్లోనే, అక్కడ పీహెచ్‌పీ నడవదు. ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో ఫోన్.

"అన్నా, ఫొటో ఎక్కట్లేదు. ఏం చేయమంటావు?"

"ఏడు" అన్నాను.

"మూడుసార్లేనా అన్నా?"