ఫార్మాట్ కొట్టే ముందు ఆ డంప్ ఫైలు తెరవండయ్యా

బ్లూ స్క్రీన్ వస్తోందని సీపీయూ చంకన పెట్టుకుని రిపేరు షాపుకెళ్తే చాలా చోట్ల వినిపించేది ఒకటే మాట: "విండోస్ కరప్ట్ అయిందండీ, ఫార్మాట్ కొట్టేద్దాం." సీ డ్రైవ్‌లో పిల్లల ఫోటోలు, ట్యాలీ డేటా ఏమన్నా ఉన్నాయా అని అడిగినవాడే మహానుభావుడు. ఫార్మాట్ అయ్యాక నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, అయిదో రోజు మళ్లీ అదే నీలం తెర. పుండొక చోట, మందొక చోట.

అసలు ర్యామ్ (నడుస్తున్న పనులను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ) పోయిన మెషీన్‌కు ఫార్మాట్ కొట్టడమంటే జబ్బును ముదరబెట్టడమే. ఇన్‌స్టాలర్ ప్రతి ఫైలునూ ముందు ర్యామ్‌లో విప్పి, ఆ తర్వాతే డిస్కు మీద రాస్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్టు తిరగబడినా ఆ తప్పు కొత్త విండోస్‌లోకి శాశ్వతంగా ఎక్కి కూర్చుంటుంది. ఇన్‌స్టలేషన్ ఒకసారి 40 శాతం దగ్గర, ఇంకోసారి 70 దగ్గర ఆగిపోతోందా? జిప్ ఫైళ్లు విప్పుతుంటే ఫైలు పాడైందని చెప్పే సీఆర్‌సీ ఎర్రర్ అంటోందా? బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే కూలుతున్నాయా? పెన్‌డ్రైవ్‌ను తిట్టే ముందు ర్యామ్‌ను అనుమానించండి.

విండోస్ నీలం తెరతో కూలినప్పుడు మామూలుగా మరణవాంగ్మూలం రాసి మరీ పోతుంది, దాన్నే డంప్ అంటారు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, దాని లోపల మినీడంప్ ఫోల్డర్. ఒక్కో క్రాష్‌కు ఒక్కో చిన్న ఫైలు. ఫోల్డర్ ఖాళీగా ఉంటే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబు, అందులో స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్ తెరిచి స్మాల్ మెమరీ డంప్ ఎంచుకోండి, ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. సీ డ్రైవ్ మీద పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్కు ఫైలు) ఆపేసి ఉంటే డంప్ సరిగా పడదు. "పీసీ స్పీడ్ పెంచుతాం" అనే క్లీనర్ యాప్‌లు ఈ ఫైళ్లనే చెత్త కింద ఊడ్చేస్తాయి. ముందు ఆ యాప్‌లను ఊడ్చండి.

డంప్‌ను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి డంప్‌లు చదివే విన్‌డీబగ్ అనే టూల్‌తో తెరవండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితం. లోడ్ అయ్యాక ఎనలైజ్ అనే లింకు అదే చూపిస్తుంది, నొక్కితే చాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అది ఎన్‌టీఓఎస్‌కేఆర్‌ఎన్‌ఎల్ అని చూపించగానే "విండోస్ గుండెకాయ లాంటి కెర్నలే పోయింది" అని తీర్మానిస్తారు. శవం పక్కన నిలబడ్డవాడినల్లా హంతకుడు అంటే ఎలా? ఇంకెవరో మెమరీని పాడుచేసిపోతే ఆ తర్వాత అందులో కాలు పెట్టిన కెర్నల్ పేరు బయటికొస్తుంది, అంతే. ఒక్క డంప్‌తో తేల్చకండి, కనీసం నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రతిసారీ అదే స్టాప్ కోడ్ (నీలం తెర మీద కనిపించే ఎర్రర్ పేరు), అదే డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పేరు అయితే అనుమానం డ్రైవర్ మీదికి పోవాలి. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్, మర్నాడు పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మూడో రోజు ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, పైగా ప్రతిసారీ వేరే ఫైలు పేరు అయితే ముందు ర్యామ్. కారణం తేలికే: చిప్‌లో చెడిన గడి కదలకుండా ఒకే చోట ఉంటుంది, కానీ బూట్ అయిన ప్రతిసారీ ఆ గడిలోకి వేరే సరుకు వచ్చి పడుతుంది. అయితే మెమరీని తొక్కేసే పాడు డ్రైవర్ కూడా ఇదే నాటకం ఆడగలదు, అందుకే పరీక్ష పెట్టకుండా డబ్బు ఖర్చు పెట్టకూడదు.

విండోస్‌తో వచ్చే మెమరీ డయాగ్నస్టిక్ తప్పు చూపిస్తే నమ్మండి, బాగుందంటే మాత్రం నమ్మకండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేసి నాలుగు పాస్‌లూ (చుట్లు) పూర్తిగా తిరగనివ్వండి. 16 జీబీకే గంటల తరబడి పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఒక్కటంటే ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. "రెండే వచ్చాయి, పర్లేదు" అనే మాటే లేదు.

ఎర్రర్లు వస్తే వెంటనే కొత్త ర్యామ్ కొనకండి. 2025 చివరి నుంచి ధరలు మండిపోతున్నాయి మరి. మొదట బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ ఆపి మళ్లీ టెస్ట్ పెట్టండి. డబ్బా మీద రాసిన 3600, 6000 అంకెలు ఓవర్‌క్లాక్ వేగాలు. ఆ ర్యామ్ స్టిక్ తట్టుకున్నా మీ ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ తట్టుకోవాలని లేదు. ఆపితే ఎర్రర్లు పోయాయా? కొంచెం తక్కువ వేగంతో వాడుకోండి, కొంప మునగదు. రెండు బ్రాండ్ల స్టిక్కులు కలిపి వేసినవాళ్లూ ముందు చూడాల్సింది ఇదే.

అప్పటికీ వస్తే పవర్ కేబుల్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి, స్టిక్కులన్నీ బయటికి తీయండి. స్లాట్‌లోకి దిగే వాటి పసుపు కొనలను మనూళ్లో ఎరేజర్‌తో రుద్దడం ఆచారం. మెత్తగా రుద్దితే పనిచేస్తుంది గానీ ఆ పొట్టు స్లాట్‌లో పడకూడదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవడం మేలు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ ఒక్క పనితోనే బాగుపడేవి ఉంటాయి. తర్వాత ఒక్క స్టిక్‌ను ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి, ఆ తర్వాత రెండోదాన్ని అదే స్లాట్‌లో పెట్టండి. తప్పు స్టిక్ వెంట తిరిగితే స్టిక్ పోయినట్టు. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో వస్తుంటే మదర్‌బోర్డు, లేదా ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను. పేరున్న బ్రాండ్లు చాలావరకు ర్యామ్‌కు లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి, బిల్లు పారేయకండి.

ర్యామ్ శుభ్రంగా పాసైతే డ్రైవర్ల సంగతి. డంప్‌లో ఎన్‌వీఎల్‌డీడీఎమ్‌కేఎమ్ అంటే ఎన్‌విడియా గ్రాఫిక్స్, ఏఎమ్‌డీకేఎమ్‌డీఏజీ అంటే ఏఎమ్‌డీ గ్రాఫిక్స్. డీడీయూ అనే టూల్‌తో సేఫ్ మోడ్‌లో (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) పాతదాన్ని పూర్తిగా పీకేయండి. ఇంటర్నెట్ తీసేసి చేయాలి, లేకపోతే మీరు కొత్తది వేసేలోపే విండోస్ అప్‌డేట్ తనకు తోచినది వేసేస్తుంది. నిన్నటి అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉంది. "డ్రైవర్ అప్‌డేటర్" యాప్‌ల జోలికి మాత్రం పోకండి, అవి చేసే మేలు కన్నా తెచ్చే తలనొప్పే ఎక్కువ.

దొంగ దొరకకపోతే విండోస్‌లోనే ఉండే డ్రైవర్ వెరిఫయర్. ముందు రిస్టోర్ పాయింట్, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద. తర్వాత వెరిఫయర్‌లో స్టాండర్డ్ సెట్టింగ్స్, మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లు మాత్రమే. అన్నీ టిక్కు పెడితే మెషీన్ పాకడం మొదలెడుతుంది. ఒకటి రెండు రోజులు మామూలుగా వాడండి. తప్పు చేసిన డ్రైవర్‌ను అక్కడికక్కడే పట్టుకుని కావాలనే క్రాష్ చేయించడం దాని పని, కాబట్టి భయపడకండి. బూట్ కాకుండా తిరుగుతుంటే సేఫ్ మోడ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వెరిఫయర్ అని కొట్టి, స్లాష్ రీసెట్ ఇవ్వండి.

2024 జులై 19 గుర్తుందా? హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజు. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు కూలాయి. తెర మీద కనిపించింది పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, అచ్చం ర్యామ్ పోయినప్పుడు వచ్చేదే. అసలు కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ డ్రైవర్. దానికి అందిన విలువలు 20 అయితే, కొత్తగా వచ్చిన ఫైలు 21వ దాన్ని చదవమంది. లేని చోటు చదవబోయి కెర్నల్‌ను పడగొట్టింది. మందు ఏమిటో తెలుసుగా? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేయడం.

దీనికి తిరకాసు కేసూ ఉంది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ఐ9, ఐ7లలో గేములు "వీడియో మెమరీ చాల్లేదు" అంటూ కూలేవి. జనం గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చీ మార్చీ అలిసిపోయారు, కొందరు కార్డులే మార్చారు. తీరా తప్పు ప్రాసెసర్‌ది, ఎక్కువ వోల్టేజీకి అరిగిపోవడం. 2024లో బయోస్ అప్‌డేట్‌తో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలు) సవరణ వచ్చింది, ఇంటెల్ వారంటీ మరో రెండేళ్లు పెంచింది. ఈ చిప్‌లు వాడేవాళ్లు బయోస్ అప్‌డేట్ చేయకుండా ర్యామ్ మీదా డ్రైవర్ల మీదా పడితే సమయం దండగ. అయితే ఇప్పటికే అరిగిన చిప్‌ను అప్‌డేట్ బాగుచేయదు, వారంటీలో మార్పించుకోవాల్సిందే.

చివరిగా, తెర ఏమీ చూపకుండా టప్పున ఆరిపోయి, ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టా) కెర్నల్ పవర్ 41 మాత్రమే ఉండి, డంప్ లేకపోతే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపల కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా), యూపీఎస్ బ్యాటరీ, ప్రాసెసర్ వేడి చూడండి. 41 అంటే "కరెంటు పోయినట్టు ఆగిపోయాను" అని చెప్పడం మాత్రమే, ఎందుకో దానికీ తెలీదు. దానికీ ఫార్మాట్ కొట్టినవాళ్లున్నారు.