ముందు కారణానికి రంగులు వేయించండి

ఇల్లు అమ్మదలచిన పౌరులు మొదట పెయింటర్‌కి ఫోన్ చేస్తున్నారు. ఇది శాస్త్రవిరుద్ధం. చూడటానికి వచ్చినవాడు గడప దాటకముందే వేసే ప్రశ్న ఒక్కటే: "ఇంత మంచి ఇల్లు ఎందుకు అమ్ముతున్నారండీ?" ఆ 'అండీ' వెనక ఒక సీబీఐ ఆఫీసరుంటాడు. అప్పులా, అన్నదమ్ముల గొడవలా, ఇంట్లో ఎవరైనా అర్ధాంతరంగా పోయారా, అర్ధరాత్రి గజ్జెల చప్పుడేమైనా వినిపిస్తోందా అన్న వాకబంతా అందులోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి స్లాబు సంగతి తర్వాత, కారణానికి మరమ్మతు ముందు.

మార్కెట్లో చలామణిలో ఉన్న కారణాల్లో నంబర్ వన్: "పిల్లలు అమెరికాలో సెటిలయ్యారు, మమ్మల్నీ వచ్చేయమంటున్నారు." అమ్మేవాళ్లకు డబ్బు తొందర లేదని దీంతో తేలిపోతుంది, బేరమాడే నోరు సగం మూతపడుతుంది. పైగా ఇంటి ప్రతిభ కూడా రుజువవుతుంది. "ఈ ఇంట్లో దిగిన ఏడాదికే మా పెద్దాడికి హెచ్1బీ వచ్చింది" అన్న ముక్కకు కూకట్‌పల్లిలో గజానికి ఎంత పెరుగుతుందో ప్రభుత్వం మార్కెట్ విలువల పట్టికలో ఇంకా చేర్చలేదు, చేర్చాలి. హెచ్1బీ లాటరీలో వస్తుంది కదా అని కొందరు నాస్తికులు అడ్డు తగులుతారు. ఈశాన్యం పెరగకపోతే లాటరీ మాత్రం ఎలా తగులుతుంది?

అమెరికా లేనివాళ్లు బెంగళూరుతో సర్దుకోవచ్చు. "ఇల్లు చాలట్లేదు, పెద్దది చూసుకున్నాం" అన్నదీ పర్వాలేదు. "కాస్త డబ్బు అవసరమై..." అని మాత్రం నోరు జారకండి. వాక్యం పూర్తయ్యేలోపు పది లక్షలు పోతాయి.

ఇక ముహూర్తం. వానాకాలం అమ్మకూడదు, స్లాబు నిజం చెప్పేస్తుంది. ఎండాకాలం అమ్మకూడదు, బోరు నిజం చెప్పేస్తుంది, ఇంటి ముందు ఆగిన ట్యాంకర్ సాక్ష్యం చెబుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యమాసాల్లో అడ్వాన్సు ఇచ్చే మనిషి ఈ గడ్డ మీద పుట్టలేదు. గోడల చెమ్మ ఆరి, బోరు ఇంకా ఎండని కార్తీక మార్గశిరాలే మిగిలాయి. అప్పుడు మూఢం రాకుండా గురుశుక్రులను వేడుకోండి.

ఇప్పుడు పెయింటర్‌ని పిలవచ్చు. గోడకు రెండు కోట్లు వేసినవాడే ఇంటికి రెండు కోట్లు అడగగలడు. ఇన్నేళ్లూ కారిన కుళాయి ఇప్పుడు ఆగుతుంది, తోస్తే గానీ పడని బాత్రూం గడియ వేలితో పడుతుంది. మీరు ఏనాడూ అనుభవించని ఆ సుఖాన్ని అపరిచితుడి కోసం సిద్ధం చేయడాన్ని పెద్దలు త్యాగం అంటారు. పెయింట్‌కి లొంగని చెమ్మ మరక ఉంటే దాని ముందుకు బీరువా జరపండి. కొనేవాళ్లు కూడా తక్కువ తినలేదు. భార్యాభర్తలు బాల్కనీలో సెల్ఫీలు తీసుకుంటారు, వాళ్లతో ప్రమాదం లేదు. వెంట వచ్చిన మామగారిని కనిపెట్టుకుని ఉండాలి. ఆయన ఏమీ మాట్లాడరు. నేరుగా బాత్రూంలోకి వెళ్లి, చెంబుడు నీళ్లు నేల మీద పోసి, అవి జాలీ వైపు వెళ్తాయా గుమ్మం వైపు వస్తాయా అని వాటం చూస్తారు. తర్వాత బీరువా దగ్గరకొచ్చి, "ఇది కిటికీకి అడ్డంగా ఎందుకుందమ్మా?" అంటారు.

కాగితాల విషయానికొస్తే, 1983 తర్వాతి లావాదేవీల ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల చిట్టా, ఆన్‌లైన్లోనే దొరుకుతుంది. దొరకనిది చెల్లెలు. పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా అనే చట్టం మన ఉమ్మడి రాష్ట్రంలో 1986లోనే వచ్చింది. అన్నలకు ఆ సంగతి రిజిస్ట్రేషన్‌కి వారం ముందు తెలుస్తుంది, అదీ కొనేవాళ్ల లాయరు చెబితే. అప్పుడు పట్టుచీర, రెండు కిలోల పూతరేకులతో బయల్దేరి, "నిన్ను చూసి ఎన్నాళ్లయిందే తల్లీ" అంటూ గుమ్మంలో దిగుతారు. చీర చూడగానే ఆమెకు అర్థమైపోతుంది. "సంతకం ఎక్కడ పెట్టాలన్నయ్యా?" అని అడిగితే మీరు అదృష్టవంతులు. "మా వారితో ఒకసారి మాట్లాడు" అందంటే, మార్గశిరం దాటిపోయినట్టే.

ధరలు రెండు పెట్టుకోవాలి, ఒకటి కాగితానికి, ఒకటి చెవికి. ఇల్లు అమ్మినప్పుడు 20,000 రూపాయలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోకూడదని చట్టం 2015 నుంచి చెబుతోంది. మనం చట్టాన్ని గౌరవించేవాళ్లం కాబట్టి ఆ మాట ఎక్కడా పైకి అనం. "వైట్ ఎంత?" అని మాత్రమే అడుగుతాం. మిగతాది ఏ రంగో అవతలివాడు అడగడు.

ఇంతా చేసి చాలామంది పక్కింటాయనను మరిచిపోతారు. పండక్కి అరిసెలు పంపకపోయినా, ఆయన గేటు ముందు మీ కారు పెట్టినా, లెక్కలన్నీ తేల్చుకోవడానికి ఆయనకు ఇదే అదను. కొనేవాళ్లు తిరిగి వెళ్తూ, చెప్పులు వేసుకుంటూ, గోడ మీదుగా ఆయన్ని పలకరిస్తారు.

"ఇక్కడ మంజీరా నీళ్లు సరిగ్గా వస్తాయా అండీ?"

"వాళ్ల సంగతి తెలియదు గానీ, మాకైతే బ్రహ్మాండంగా వస్తాయి. మాదీ అమ్మకానికే ఉంది, గజానికి ఐదు వేలు తగ్గిస్తాను. లోపలికి రండి, కాఫీ తాగుదురుగాని."