పద్దెనిమిది పెగ్గుల గోల్ఫ్ పురాణం

జులై వచ్చిందంటే మా దిక్కు నాట్లు పడతాయి, బోనాలెత్తుతారు, మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో గోల్ఫ్ మెసేజ్ వస్తుంది. ఈసారి నలుగురు పెట్టారు. అందులో ఒకడు రెండుసార్లు. పైన "అందరూ తెలుసుకోవాల్సిన అద్భుత సమాచారం", కింద వరుసగా దండం బొమ్మలు. హన్మకొండ జేఎన్‌ఎస్ స్టేడియంలో పొద్దున నడుద్దామని పోతే అక్కడ కూడా ఇదే ముచ్చట: "చూసినవా అన్నా, గోల్ఫ్ అంటే అసలు అర్థం గదంట!"

అదృష్టం బాగుండి ఇంకా చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఏటా జులైలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ బ్రిటిష్ ఓపెన్ రాజులు, జమీందార్లు తమకోసం పెట్టుకున్న టోర్నమెంటట. మొదటినుంచీ నాలుగు రోజుల ఆట, బంగారు కప్పు, కోట్ల బహుమతి అట. విస్కీ సీసాలో 18 పెగ్గులుంటాయి కాబట్టి గోల్ఫ్‌లో 18 గుంతలట. గోల్ఫ్ అనే పేరు 'జెంటిల్‌మెన్ ఓన్లీ, లేడీస్ ఫర్‌బిడెన్'కు, అంటే మగవాళ్ళకే, ఆడవాళ్ళకు నిషేధం అనేదానికి పొట్టి రూపమట. చివరికి, 2023లో మన శుభాంకర్ శర్మ అక్కడికి పోయి మైనస్ 5 తెచ్చుకుని దేశం పరువు తీశాడట.

ముందు రాజుల సంగతి. 1860 అక్టోబర్ 17న స్కాట్లాండ్‌లోని ప్రెస్ట్‌విక్‌లో మొదటి ఓపెన్ ఆడింది మొత్తం ఎనిమిది మంది. వాళ్ళు రాజులు కారు, దొరల సంచులు మోసేవాళ్ళు. కర్రలు, బంతులు తయారుచేసి, మైదానంలో గడ్డి చూసుకుని బతికినవాళ్ళు. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడే గెలుస్తాడు. విల్లీ పార్క్ అనే ఆయన 174 దెబ్బల్లో ముగించి, టామ్ మోరిస్‌ను రెండు దెబ్బల తేడాతో దాటేశాడు. ఆయనకు దక్కింది వెండి బిళ్ళ ఉన్న ఎర్ర తోలు బెల్టు. నగదు సున్నా. ఆ బెల్టు కూడా మరుసటి ఏడు తెచ్చి అప్పజెప్పాలి. వరుసగా మూడేళ్ళు గెలిచినవాడికే అది సొంతమని రూలు పెట్టారు. టామ్ మోరిస్ కొడుకు, వాడి పేరు కూడా టామే, 1868, 69, 70 మూడూ గెలిచి బెల్టు ఇంటికి పట్టుకుపోయాడు. మొదటిసారి గెలిచినప్పుడు వాడికి 17 ఏళ్ళు. ఇయ్యడానికి బహుమతి లేక 1871లో టోర్నమెంటే జరగలేదు. మరుసటేడు మూడు క్లబ్బులు, మన గణేశ్ మండపం కమిటీల లెక్క, తలా ఇంత చందా వేసుకుంటే గానీ కొత్త బహుమతికి పైసలు కూడలేదు. కోట్లంట!

నాలుగు రోజుల ముచ్చట కూడా ఉత్తదే. అప్పుడు 12 గుంతల మైదానాన్ని ఒక్కరోజులో మూడు చుట్లు తిరిగారు, 36తో ఖతం. 72 గుంతలు 1892లో వచ్చాయి, నాలుగు రోజులు 1966లో. దీనికింత చాలు.

ఇప్పుడు పెగ్గులు. 750 మిల్లీ సీసాను 18తో భాగించండి. పెగ్గుకు 41 మిల్లీ పైచిలుకు వస్తుంది. చిన్నది 30, పెద్దది 60 తెలుసు గానీ, ఈ 41 పోసే బారు హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఎక్కడుందో ఈ మెసేజ్ పంపినవాళ్ళే చూపించాలి, వాళ్ళకు అనుభవం ఎక్కువ. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ మైదానంలో మొదట ఒక చుట్టు 22 గుంతలు. 1764లో మొదటి నాలుగు గుంతలు పొట్టిగా ఉన్నాయని కలిపి రెండు చేశారు. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు అవే గుంతలు కాబట్టి 22 కాస్తా 18 అయింది. పేరున్న మైదానం కనుక తర్వాత మిగతావాళ్ళూ అదే లెక్క పట్టుకున్నారు. మరి 12 గుంతల ప్రెస్ట్‌విక్ వాళ్ళు సీసాలో మూడోవంతు మిగిల్చి ఇంటికి పోయేవాళ్ళా? అయితే మందు ముచ్చటలో ఒక్కటి ఒప్పుకోవాలి. 1873 నుంచి ఓపెన్ విజేతకిచ్చేది నిజంగానే మందు కూజా. క్లారెట్ జగ్ అంటే ఎర్ర వైన్ పోసుకునే వెండి కూజా. మెసేజ్ రాసినవాడు సీసా తప్పు పట్టుకున్నాడు, అంతే.

మైనస్ 5కు ఏం చెప్పాలి? పిల్లల్ని జేఈఈ కోచింగుల్లో వేసీ వేసీ, మైనస్ కనబడితే చాలు నెగెటివ్ మార్కులే గుర్తొస్తున్నాయి మనకు. ఆ ఏడు ఓపెన్ జరిగిన రాయల్ లివర్‌పూల్‌లో నాలుగు రోజులకు కలిపి పార్, అంటే మంచి ఆటగాడికి పట్టాలని వేసుకున్న దెబ్బల లెక్క, 284. శుభాంకర్ 279లో ముగించాడు. అంటే అయిదు దెబ్బలు ఆదా. ఎనిమిదో స్థానం పంచుకున్నాడు, ఓపెన్‌లో ఒక భారతీయుడు అంత పైకి రావడం అదే మొదలు. గెలిచిన బ్రయన్ హార్మన్‌ది మైనస్ 13. మీ లెక్కన అమెరికా పరువు ఇంకా ఎక్కువ పోయినట్టు. దానికీ ఒక దండం బొమ్మ పెట్టండి.

ఇవన్నీ నవ్వి వదిలేసేవే. గోల్ఫ్ అనే పేరులోని ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాల ముచ్చట మాత్రం వదలను.

మా బ్యాచ్‌వాడి కూతురు ఇంటర్ చదువుతోంది. 2021 ఆగస్టు 7న తెల్లారకముందే లేచి టీవీ ముందు కూర్చుంది, టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ చివరి రౌండు చూడడానికి. ప్రపంచ ర్యాంకుల్లో 200వ స్థానంలో ఉన్న అమ్మాయి ఒక్క దెబ్బ తేడాతో కాంస్యం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. సాయంత్రానికి నీరజ్ చోప్రా బంగారం కొట్టేసరికి ఊరంతా అదితిని మర్చిపోయింది. ఈ పిల్ల మర్చిపోలేదు. మొన్న ఇంట్లో గోల్ఫ్ నేర్చుకుంటా అన్నదట. తండ్రి ఆమెకు ఈ మెసేజే పంపి, "పేర్లనే రాసి ఉన్నది బిడ్డా" అన్నాడు. అది పెద్ద జోకైనట్టు గ్రూపులో స్క్రీన్‌షాట్ కూడా పెట్టాడు. యాభై మంది నవ్వారు.

ఒరే నాయనా, 1457లోనే స్కాట్లాండ్ పార్లమెంటు ఈ ఆటను పేరు పెట్టి నిషేధించింది. ఆడవాళ్ళకు కాదు, విలువిద్య సాధన మానేసి బంతుల వెంట పడుతున్న మగవాళ్ళకు! ఆ కాలంలో ఈ మాటను గోల్ఫ్, గౌఫ్, గాఫ్ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసేవాళ్ళు. స్పెల్లింగే కుదరని మాటలో పొడి అక్షరాల గూఢార్థం ఎక్కడినుంచి ఊడిపడింది? కర్రకు డచ్చివాళ్ళు వాడే 'కోల్ఫ్' అనే మాటకు ఇది చుట్టమని భాష తెలిసినవాళ్ళు చెప్తారు. 1811లో స్కాట్లాండ్‌లోని మసల్‌బరా అనే ఊళ్ళో చేపలమ్ముకునే ఆడవాళ్ళకు పోటీ పెట్టారు. విల్లీ పార్క్‌ది కూడా ఆ ఊరే. అంటే ఆయన బెల్టు గెలవడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందే ఆ ఊళ్ళో చేపల గంపలు దించి కర్ర పట్టినవాళ్ళున్నారు. వాళ్ళకెవరూ ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేయలేదు పాపం.

ఇక్కడిదాకా రాసి, పంపేద్దామనుకుని ఆగాను. ఎందుకంటే పేరు అబద్ధమే గానీ గేటు నిజం. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్బు ఆడవాళ్ళను సభ్యులుగా తీసుకోవడానికి ఒప్పుకున్నది 2014 సెప్టెంబర్‌లో. 1754లో పుట్టిన క్లబ్బు అది! ఓపెన్ ఎన్నోసార్లు జరిగిన మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బు 2016లో కూడా కుదరదన్నది, అంటే మూడింట రెండొంతుల ఓట్లు రాలేదు. ఇక మీ దగ్గర ఓపెన్ జరపబోమని నిర్వాహకులు తేల్చి చెప్తే, 2017లో మళ్ళీ ఓటేసి ఒప్పుకున్నారు. 2022లో అదే మైదానంలో మహిళల ఓపెన్ జరిగింది. మెసేజ్ రాసినవాడు ఆ నాలుగక్షరాల కథ మానేసి ఇది రాసి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాను.

నిన్న ఆ పిల్లే ఫోన్ చేసింది. "అంకుల్, గోల్కొండ కోట దగ్గర కోర్సు ఉన్నదట గదా, ఎంతైతది?" కనుక్కుంటా అన్నాను. సాయంత్రం ఆన్‌లైన్‌లో ఒక మామూలు కర్రల సెట్టు రేటు చూశాను. ఆమె ఇంటర్ ఫీజు కూడా గుర్తొచ్చింది. 'డబ్బున్నోళ్ళ ఆట' అనే పాయింటు ఆ మెసేజ్‌లో లేనందుకు సంతోషించి, ఫోన్ పక్కన పెట్టాను. ఆమెకు ఇంకా జవాబియ్యలేదు.