చిత్రోత్సవం సిరోంచ దాకా రావాలి

అంతర్జాతీయ చిత్రోత్సవం అంటే నగరాల వారి ముచ్చట అని పక్కన పెట్టేయడం మహారాష్ట్రలోని మన సరిహద్దు తాలూకాల్లో అలవాటైపోయింది. పుణెలో 2002 నుంచి ఏటేటా చిత్రోత్సవం జరుగుతోంది. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, గడ్చిరోలి జిల్లా సిరోంచ తెలుగువారు ఏనాడూ దాన్ని తమదనుకోలేదు. అనుకోవాలి. అది రాష్ట్ర ప్రభుత్వం అండతో నడిచే ఉత్సవం, అందులో మన పన్నుల సొమ్మూ ఉంది. పైగా అలాంటి ఉత్సవం అక్కర మహానగరం కంటే మనకే ఎక్కువ.

ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో రైతు బస్తా దించి మరాఠీలో ధర అడుగుతాడు, తెలుగులో బేరమాడతాడు. పెద్దవాళ్లకు అది బతుకుతెరువు. బడికెళ్లే పిల్లల సంగతి వేరు. ఇంట్లో తెలుగు, తరగతిలో మరాఠీ. సరిహద్దు దాటి తెలంగాణలోని బాసర వైపు చుట్టాలింటికి వెళితే యాసను చూసి నవ్వుతారు, ఇటు వస్తే తెలుగువాడంటారు. రెండు చోట్లా తన మాట తక్కువదేమోనన్న బెరుకు చిన్నప్పుడే పట్టుకుంటుంది. సిరోంచ, భామ్రాగఢ్ వైపు మాడియా, గోండీ మాట్లాడే పిల్లలకు ఈ బరువు ఇంకా ఎక్కువ.

చిత్రోత్సవం హాల్లో ఈ లెక్క తారుమారవుతుంది. తెరమీద ఇరాన్ కొండపల్లె మనుషులు ఫార్సీలో మాట్లాడుతుంటే పుణె ప్రొఫెసరుకూ అర్థం కాదు, దెగ్లూర్ విద్యార్థికీ అర్థం కాదు. ఇద్దరూ తెర కింది అక్షరాలు (సబ్‌టైటిల్స్) చదువుకోవాల్సిందే. తెలియని భాషను ఓపిగ్గా వినడం, మాట అందకపోయినా ముఖం చూసి మనిషిని గ్రహించడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. అక్కడ అదే అందరికీ కావాల్సిన అర్హత అవుతుంది. ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని ధైర్యం ఇది.

మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవం 1952 జనవరి 24న బొంబాయిలో మొదలైంది. భారతీయ చిత్రాల్లో తెలుగు ‘పాతాళభైరవి’, మరాఠీ ‘అమర్ భూపాళీ’ రెండూ ఉన్నాయి. మన ఇంటి భాష, మన బడి భాష ఆనాడే ఒకే పందిట్లో ప్రపంచం ముందు నిలబడ్డాయన్న సంగతి ఈ జిల్లాల్లో ఎంతమంది పిల్లలకు చెప్పాం? ఆ ఉత్సవంలోనే యుద్ధం తర్వాతి ఇటలీ వీధులను చూపిన సినిమాలు వచ్చాయి. వాటిని చూసి కదిలిన దర్శకుడు బిమల్ రాయ్ మరుసటి ఏడాది ‘దో బిఘా జమీన్’ విడుదల చేశారు. అప్పుల్లో భూమి నిలుపుకోవడానికి కలకత్తా వెళ్లి రిక్షా లాగిన రైతు కథ అది. రోమ్ నగరపు పేదవాడి కథ మన రైతు కథకు దారి చూపింది. చిత్రోత్సవం విలువ ఎర్ర తివాచీలో లేదు, ఇక్కడుంది.

ఇలాంటి సినిమాలు సరిహద్దులో ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది. ఆ మాట అనేవారు ఒకసారి గడ్చిరోలి జిల్లా వడసాకు వచ్చి చూడాలి. దీపావళి నుంచి హోలీ దాకా తూర్పు విదర్భ పల్లెల ఝాడీపట్టీ నాటకాలు తెల్లవార్లూ ఆడతాయి. పంట చేతికొచ్చిన రైతులు టికెట్ కొని, చలిలో దుప్పటి కప్పుకుని, ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. తెల్లవార్లూ మేలుకుని నాటకం చూసే జనానికి రెండు గంటల సినిమా బరువవుతుందా? ప్రేక్షకులకు కరువు లేదు. లేనిదల్లా తెర. సిరోంచ నుంచి జిల్లా కేంద్రానికే దాదాపు 200 కిలోమీటర్లు. పుణె మాట ఇక ఎత్తనక్కర్లేదు.

చేయలేనిదేమీ కాదు. కరోనా కాలంలో, 2021లో, కేరళ తన చిత్రోత్సవాన్ని తిరువనంతపురం, కొచ్చి, తలశ్శేరి, పాలక్కాడ్‌లలో వంతులవారీగా జరిపింది. అప్పుడు అవసరం నేర్పిన పనిని మహారాష్ట్ర ఇప్పుడు ఇష్టంగా చేయవచ్చు. చిక్కులున్నాయి, కాదనం. ఉత్సవానికి వచ్చే విదేశీ సినిమాలకు ప్రదర్శనల సంఖ్య ముందే ఖరారవుతుంది, అదనపు ఆటకు అదనపు రుసుము పడుతుంది. సెన్సార్ సర్టిఫికెట్ లేని చిత్రాలకు కేంద్ర సమాచార ప్రసార శాఖ ఇచ్చే మినహాయింపు నమోదైన ప్రతినిధులకే వర్తిస్తుంది. అందుకే సరిహద్దు పట్టణాలను నిర్మాతలతో మాట్లాడేటప్పుడే, మినహాయింపు కోరేటప్పుడే లెక్కలో వేసుకోవాలి. విద్యార్థులకు నామమాత్రపు రుసుముతో ప్రతినిధి కార్డులివ్వాలి.

మేము కోరేది పెద్ద హంగామా కాదు. వచ్చే ఉత్సవం నుంచి ఎంచిన పది సినిమాలు నాందేడ్‌కు, సిరోంచకు రావాలి. కింది అక్షరాలు ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటే మన ఊళ్లలో సగం హాలు బయటే ఆగిపోతుంది కనుక, మరాఠీ, తెలుగు రెండూ ఉండాలి. నాందేడ్ స్వామి రామానంద తీర్థ విశ్వవిద్యాలయం, గడ్చిరోలి గోండ్వానా విశ్వవిద్యాలయం విద్యార్థుల్లో రెండు భాషలూ చేతనైనవారున్నారు. ఆ పనిని తగిన పారితోషికమిచ్చి వారికే అప్పగించాలి. సరిహద్దు ఎమ్మెల్యేలు ఈ కోరికను రాష్ట్ర సాంస్కృతిక శాఖ ముందు పెట్టాలి, వచ్చే బడ్జెట్ లోపే.