బట్టలు చూసి బాట్ అన్నారు

గత డిసెంబర్‌లో హైదరాబాద్‌లో మన అమెరికా తెలుగువాళ్ళ సంఘం చేసిన సేవా రోజులకు మీలో చాలామంది వచ్చారు. కూకట్‌పల్లి ఫంక్షన్ హాల్లో కంటి పరీక్షలు, స్కాలర్‌షిప్ చెక్కులు, సన్మానాలు, మధ్యాహ్నం భోజనాలు, అన్నీ బాగా జరిగాయి. ఆ ఫోటోలు పోయిన సంచికలో చూశారు. నేను రాస్తున్నది ఆ రోజు మేడ మీద గదిలో జరిగిన దాని గురించి. యువజన విభాగం వాళ్ళు అక్కడ పిల్లలకు బీజీఎంఐ అనే, ఫోన్‌లో ఆడే తుపాకుల ఆట టోర్నమెంట్ పెట్టారు. దాని ఫోటో ఒక్కటే వచ్చింది, కప్పు పట్టుకున్న నలుగురిది.

ఆ గదిలో మా అన్నయ్య కొడుకు కూడా ఉన్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. అన్నయ్యది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం, ఇల్లు మౌలాలిలో. పిల్లవాడు మెట్టుగూడ దాకా బస్సులో వచ్చి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, చెప్పిన టైముకంటే ముప్పావుగంట ముందే వచ్చి కూర్చున్నాడు. ఫోన్ నూరు శాతం ఛార్జింగ్‌తో తెచ్చుకున్నాడు. జేబులోంచి చిన్న గుడ్డ తొడుగులు తీసి రెండు బొటనవేళ్ళకూ తొడుక్కున్నాడు. చెమటకు వేలు జారకుండా పిల్లలు వాడతారట. ఈ ఆట కోసమే కొత్తవి కొన్నాడు, ఇంకా ముడత కూడా పడలేదు.

ఇరవై మంది పిల్లలు. నాలుగు జట్లు, జట్టుకు నలుగురు, మిగిలినవాళ్ళు సబ్‌స్టిట్యూట్లు. కెప్టెన్లు ఒక్కొక్కరి ఫోన్ దగ్గరికీ వచ్చి తెర మీద నిలబడ్డ బొమ్మను చూసి ఎంచుకోవడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడి బొమ్మ ఒంటినిండా బంగారు కవచం వేసుకుని ఉంది. గోల్డెన్ ఫారో సూట్ అట. చేతిలో మంచుగడ్డ రంగు తుపాకీ, గ్లేసియర్ ఎం416. అది చూడగానే గదిలో గోల. వాణ్ణి అందరికంటే ముందు తీసుకున్నారు. మావాడి బొమ్మకు మామూలు చొక్కా, మామూలు ప్యాంటు. కెప్టెన్ వంగి చూసి, "డిఫాల్ట్ రా, బాట్ లెక్క ఉన్నడు" అన్నాడు. పిల్లలు నవ్వారు. పక్కన నిలబడ్డ మన పెద్దవాళ్ళు ఇద్దరు కూడా నవ్వారు. సబ్‌స్టిట్యూట్ల జాబితాలో పేరు రాశారు.

తెలియని వాళ్ళకు చెప్పాలి, డిఫాల్ట్ అంటే ఆటతో పాటు ఊరికే వచ్చే సాదా బొమ్మ. బాట్ అంటే కంప్యూటర్ ఆడించే ఉత్తుత్తి ఆటగాడు. కొత్తగా వచ్చినవాళ్ళు మరీ చిత్తుగా ఓడిపోకుండా కింది స్థాయి ఆటల్లో వీటిని కలుపుతారు. సాదా బట్టల్లో తిరుగుతాయి, ఆగి ఆగి కాలుస్తాయి, సులువుగా చస్తాయి. ఒక పిల్లవాణ్ణి ఆ మాట అనడమంటే నువ్వసలు మనిషివే కావు అనడం.

మూడు గంటలు ఆట నడిచింది. నాలుగేసి మంది రెండు పక్కల, ముందు నలభై కిల్స్ చేసినవాళ్ళు గెలిచినట్టు. మావాణ్ణి ఒక్క రౌండుకీ పిలవలేదు. తొడుగులు తీయకుండా అలాగే కూర్చున్నాడు. కింద భోజనాలు పెడుతున్నారని ఎవరో కేకేసినప్పుడు ఒక్కొక్కటీ తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ మడవడం నాకింకా కళ్ళ ముందే ఉంది.

ఆ బంగారు సూటు పిల్లవాడి సంగతి కూడా చెప్పాలి. వాడు మన డల్లాస్ పిల్లవాడు, పన్నెండేళ్ళు. అమెరికాలో వాళ్ళు ఆడేది వేరు. బీజీఎంఐ మన దేశం కోసం విడిగా వచ్చింది. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ని ఇక్కడ నిషేధించాక, 2021 జూలైలో ఈ పేరుతో తెచ్చారు. అందుకని వాడు బాబాయి ఐడీతో లాగిన్ అయ్యాడు. సూటు బాబాయిది, తుపాకీ బాబాయిది. మొదటి రౌండులోనే ఎదురెళ్ళి చచ్చాడు, మళ్ళీ లేచాడు, మళ్ళీ చచ్చాడు. "అంత స్కిన్ పెట్టుకొని ఏం ఆడుతున్నవ్ రా" అని జట్టు వాళ్ళు అరిచారు. బొమ్మకు వేసే ఈ సూట్లనూ తుపాకీ రంగులనూ స్కిన్లు అంటారు. కాసేపటికి వాడు బాత్‌రూమ్‌కి వెళ్ళి ఎర్రటి కళ్ళతో వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. సూటు లేదని ఒకణ్ణి కూర్చోబెట్టారు, సూటు ఉందని ఒకణ్ణి ఏడిపించారు. ఇద్దరిలో ఎవరినీ, నీకు ఎంత వచ్చు నాన్నా, అని అడిగినవాళ్ళు లేరు.

ఆ రాత్రి మౌలాలిలో డాబా మీద కూర్చుని మావాణ్ణి అడిగితే ఫోన్ తీసి చూపించాడు. ఐడీ మీద ఒక్కసారి నొక్కితే చాలు, వాడెన్ని ఆటలు ఆడాడో, ఏ టైర్‌లో, అంటే ఏ స్థాయిలో ఉన్నాడో అన్నీ వస్తాయి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్ దాటి క్రౌన్‌లో ఉన్నాడు. అది కూడా నడుమ నడుమ ఆగిపోయే పాత ఫోన్ మీద. నిజానికి ఆటలో తేడా తెచ్చేది ఫోనే. తెర ఎంత వేగంగా కదులుతుంది, నెట్ ఎంత నిలకడగా ఉంది, అడుగుల చప్పుడు వినడానికి మంచి ఇయర్‌ఫోన్స్ ఉన్నాయా, ఇవన్నీ గెలుపోటములను మారుస్తాయి. బంగారు సూటు వేసుకున్నా తగిలే తూటా తగులుతుంది. "మరి చెప్పొచ్చు కదరా" అన్నాను. "లైట్ తీస్కో అత్తా, అడిగితే గదా చెప్పేది" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "మా దోస్తు ఐడీల మస్తు స్కిన్స్ ఉన్నయ్. మళ్ళొకసారి పెడితే దాన్తోని వస్తా" అన్నాడు.

నాకు అక్కడ మా అమ్మ చంద్రహారం గుర్తొచ్చింది. మా కాలనీలో ఆ హారం ఎన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళి వచ్చిందో లెక్క లేదు. ఎవరింట్లో పిల్లను చూసుకోవడానికి వస్తున్నారన్నా అమ్మ బీరువా తెరిచేది. ఎరువు సొమ్ము బరువు చేటు అని తనే అనేది, తనే ఇచ్చేది. మెడ బోసిగా ఉంటే పిల్లను తక్కువ చేస్తారని భయం. ఒంటి మీద ఏముందో చూసి మనిషికి విలువ కట్టే అలవాటు మనదే. ఆ చూపు నుంచి పక్కింటి పిల్లను కాపాడాలని తన మెడలోది తీసి ఇచ్చే మనసు కూడా మనదే. ఆ రెండోదాన్ని నేను ఈ రోజుకీ తప్పు పట్టలేను. కానీ పదిహేడేళ్ళ పిల్లవాడు, తనకు చేతనైన ఆట ఆడుకోవడానికి ఎరువు సొమ్ము వెతుక్కోవాల్సి వచ్చిందంటే, అక్కడికి తెచ్చింది మనం.

స్కిన్లు చెడ్డవని నేను అనడం లేదు. 2006లో ఒక ఆటలో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే జనం నవ్వారు. 2009లో టీమ్ ఫోర్ట్రెస్ 2లో టోపీలు వచ్చాయి, 2013లో కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకులకు రంగులు వచ్చాయి. ఇప్పుడు ఎన్నో ఆటలు ఉచితంగా నడుస్తున్నాయంటే ఈ అమ్మకాల వల్లే. గెలిచే బలాన్ని డబ్బుకు అమ్మడం కంటే రంగులు అమ్మడం నయం. పండక్కి కొత్త బట్టలు కట్టుకున్నట్టే, ముచ్చట. ఎక్కువ స్కిన్లు ఉన్నవాడు ఎక్కువ కాలంగా ఆడుతూ ఉండొచ్చు అనుకోవడంలో కొంత నిజం లేకపోలేదు. కానీ గ్లేసియర్ లాంటివి ఆటలో అమ్మే పెట్టెలు తెరుస్తూ పోతే అదృష్టం ఉన్నవాడికి దొరుకుతాయి. డబ్బుంటే ఎక్కువ పెట్టెలు తెరవొచ్చు. అందులో గురి ఎక్కడుంది?

మా అమ్మాయి మూడో తరగతిలో పుట్టినరోజుకు ఫోర్ట్‌నైట్ అనే ఆటలో స్కిన్ అడిగింది. ఉచితంగా వచ్చే బొమ్మతో ఆడితే బడిలో డిఫాల్ట్ అని ఏడిపించేవాళ్ళట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది. ఆ రోజు నేను గిఫ్ట్ కార్డు కొని చేతిలో పెట్టాను, ఎందుకు అని అడగలేదు. ఇలా తీసుకునే డబ్బు చిన్నదేమీ కాదు. తెలియకుండా నొక్కిన బటన్లకు కూడా డబ్బు పట్టుకున్నారని 2022 డిసెంబర్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్ చేత 24.5 కోట్ల డాలర్లు కట్టించడానికి ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బు కొన్నవాళ్ళకు తిరిగి ఇవ్వడానికి. ఏడిపించిన మాటలకు మాత్రం ఎవరూ రీఫండ్ ఇవ్వరు.

ఆ కెప్టెన్ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. వాడు పైన చేసింది మనం కింద చేస్తున్నదే. అదే రోజు అన్నయ్య తెలియక ముందు వరుస సోఫాలో కూర్చుంటే వాలంటీర్ వచ్చి, అవి ప్లాటినం దాతలవి, వెనక్కి వెళ్ళండి అన్నాడు. నా మెడలో గోల్డ్ రిబ్బన్ ఉంది కాబట్టి నన్ను ఎవరూ లేపలేదు. నేనూ లేవలేదు. ఆ తప్పు నాది. ఆటలో ప్లాటినం ఆడితే వస్తుంది, మన హాల్లో చెక్కు రాస్తే వస్తుంది. దాతలు లేకపోతే ఆ స్కాలర్‌షిప్‌లు లేవని నాకూ తెలుసు, వాళ్ళకు ఎంత మర్యాద చేసినా తక్కువే. కానీ మనం రిబ్బన్ రంగు చూసి కుర్చీ వేస్తుంటే, పిల్లలు సూటు చూసి జట్టు కడతారు. వాళ్ళకు వేరే బడి లేదు.

కార్యవర్గానికి నా మనవి ఇది. వచ్చే డిసెంబర్‌లో ఈ టోర్నమెంట్ తప్పకుండా పెట్టండి, మానేయొద్దు. జట్లు చీటీలు వేసి కట్టండి. మొదటి రౌండులో వచ్చిన ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఆడాలి, ఆ తర్వాతే ఎంపిక. ఆడేముందు సూట్లన్నీ విప్పించి అందరినీ మామూలు చొక్కాల్లో ఆడించండి, ఒక్క నిమిషం పని. ఫోన్ సరిగా లేని పిల్లల కోసం నాలుగు మంచి ఫోన్లు పక్కన పెట్టండి, వాటికి అయ్యే ఖర్చు నేను ఇస్తాను, దానికి రిబ్బన్ వద్దు. బాట్ అనే మాట వినపడితే అక్కడున్న పెద్దవాళ్ళు నవ్వకుండా, పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడాలి. డల్లాస్ పిల్లవాడి అమ్మానాన్నలకు నేను ఫోన్ చేశాను, వాణ్ణి మళ్ళీ తీసుకురమ్మని అడిగాను. మావాణ్ణి నేనే వెంటబెట్టుకుని వస్తాను. దోస్తు ఐడీతో కాదు, వాడి ఐడీతోనే.