నిద్రపోతున్న కోతిని ఎవరు రాసుకుంటారు?

కోతుల గుంపు ముందు కొత్త విద్యార్థుల్ని కూర్చోబెట్టి, గంటసేపు కనబడిందల్లా రాయమనండి. గంట తర్వాత నోటుబుక్కులు తెరిస్తే అందరి దాంట్లోనూ ఇంచుమించు ఒకటే కథ. రెండు మగకోతులు కొట్టుకున్నాయి, ఒకటి పళ్లు బయటపెట్టి అరిచింది, ఓ పిల్ల కొమ్మ మీంచి జారి తల్లిని కరుచుకుంది. మరి మిగతా పదిహేను కోతులు? అవి కునుకు తీశాయి, ఆకులు నమిలాయి, ఒకదాని వీపు మీద ఇంకొకటి వేళ్లతో వెతుక్కుంటూ కూర్చుంది. గంటలో ఎక్కువ భాగం గుంపంతా చేసింది ఆ పనులే. అవి ఏ నోటుబుక్కులోనూ ఉండవు.

ఈ లోపానికి మందు 1974లోనే దొరికింది. బబూన్ కోతుల మీద పనిచేసిన జీన్ ఆల్ట్‌మన్ అనే పరిశోధకురాలు ఆ ఏడాది రాసిన ఒకే ఒక పేపర్ జంతువుల్ని గమనించే తీరునే మార్చేసింది. తోచింది తోచినట్టు రాసుకుంటూ పోతే గోల చేసినదే డేటాలోకి ఎక్కుతుంది, ఊరుకున్నది జారిపోతుంది, అందుకని ముందే ఒక జంతువును ఎంచుకుని, గడియారం పెట్టుకుని, పది నిమిషాలంటే పది నిమిషాలూ దాన్నే చూడాలి. అది ఏమీ చేయకపోతే ఏమీ చేయలేదని రాయాలి. ఫోకల్ శాంప్లింగ్ అనే ఈ పద్ధతి ఇవాళ జంతు ప్రవర్తన కోర్సుల్లో మొదటి పాఠాల్లో ఒకటి.

నా ఫిర్యాదల్లా ఒక్కటే. ఈ పాఠం చెప్పించే విశ్వవిద్యాలయాలే, అది చెప్పే మనిషిని తూచాల్సి వచ్చేసరికి దాన్ని గాలికొదిలేస్తున్నాయి. ఎన్ని పేపర్లు, ఏ జర్నల్లో, ఎంత ప్రాజెక్టు డబ్బు తెచ్చారు, ఎంతమంది ఉటంకించారు... ప్రమోషన్ ఫారంలో గడులన్నీ గోల చేసేవాటికే. ఏమీ జరగని రోజుల్ని కూడా వదలకుండా రాసిపెట్టిన పదేళ్ల రికార్డుకు గడి లేదు. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, దాని మీద ఇంకో పోస్ట్‌డాక్, ఎప్పుడు స్థిరపడతారో తెలియని టెన్షన్, ఇదంతా అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఉద్యోగం దొరికాక ఆ ఉద్యోగాన్ని మనం ఏ కొలతతో కొలుస్తున్నామన్నదే నా బాధ.

ఎందుకంటే జంతువు మన క్యాలెండర్ చూసి బతకదు. ఏనుగు కడుపుతో ఉండేదే దాదాపు 22 నెలలు, కాన్పుకూ కాన్పుకూ మధ్య నాలుగైదేళ్లు, ఆడపిల్ల తల్లి కావాలంటే పదేళ్లు దాటాలి. ఐదేళ్ల పీహెచ్‌డీలో ఒక్క ఏనుగు పిల్ల ఎదిగి పెద్దదవడం కూడా చూడలేం.

డాఫ్నే మేజర్ కథ తీసుకోండి, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. గాలాపగోస్ దీవుల్లో అదొక చిన్న రాతి దిబ్బ. పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973లో అక్కడ పిచ్చుకంత ఫించ్ పక్షుల్ని వలలో పట్టి, కాళ్లకు రంగు రింగులు తొడిగి, ముక్కు పొడవు, మందం కొలిచి వదిలేయడం మొదలుపెట్టారు. మళ్లీ పట్టడం, మళ్లీ కొలవడం. ఇవాళ్టి మూడేళ్ల ప్రాజెక్టు అయితే 1976లో నివేదిక ఇచ్చి సామాను సర్దుకోవాలి. కరువు వచ్చింది 1977లో! మెత్తని చిన్న గింజలు అయిపోయాయి, గట్టి గింజలు మిగిలాయి, పక్షులు గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి, గట్టి గింజల్ని పగలగొట్టగలిగిన పెద్ద ముక్కు పక్షులు ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకూ పెద్ద ముక్కులే వచ్చాయి. పరిస్థితికి తగ్గవే ఎక్కువగా బతికి పిల్లల్ని కంటాయనే ప్రకృతి వరణం పుస్తకంలోంచి లేచి వచ్చి ఆ దిబ్బ మీద వాళ్ల కళ్లముందు నడిచింది. 1982-83లో కుండపోత వానలు కురిసి చిన్న గింజలు మళ్లీ విరివిగా దొరికాక గాలి ఎదురు దిక్కుకు తిరిగింది, చిన్న ముక్కులకు మంచిరోజులొచ్చాయి. పదేళ్లు అక్కడే ఉన్నవాళ్లకు రెండూ కనబడ్డాయి. మూడేళ్లకే వెనక్కొచ్చేవాళ్లకు మామూలు పక్షులు, మామూలు ముక్కులు, అంతే.

చింపాంజీల్ని గమనించడానికి జేన్ గుడాల్ టాంజానియాలోని గోంబే అడవిలో అడుగుపెట్టింది 1960లో. కలిసి పెరిగిన చింపాంజీలు రెండు వర్గాలుగా చీలి, ఒక వర్గం రెండోదాన్ని ఒక్కొక్కటిగా చంపుకుంటూ రావడం మొదలైంది 1974లో. మధ్యలో పద్నాలుగేళ్లు.

ఊరుకున్న జంతువును చూడటమంటే ఏంటో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలపాటు చేసిన పని చూపిస్తుంది. రొపాలిడియా మార్జినాటా అనే మామూలు కందిరీగ. ప్రతి కందిరీగ ఒంటి మీదా రంగు చుక్క పెట్టి గూడు ముందు కూర్చుంటే తేలిందేంటంటే, ఈ జాతిలో రాణి సాధువు. కొట్లాటలకు పోదు, పెత్తనం చేయదు. గోల చేసినదాన్నే చూసే కంటికి ఆ గూట్లో రాణి ఎవరో తెలియను కూడా తెలియదు. రాణిని తీసేసి చూడండి, అప్పటిదాకా పనికత్తెగా ఉన్న ఒకటి కాసేపట్లోనే మిగతా అందరి మీదా విరుచుకుపడుతుంది, తర్వాత రోజుల్లో గుడ్లు పెట్టడం మొదలుపెట్టి తానే కొత్త రాణి అయి మెల్లగా తానూ సాధువైపోతుంది. ఇది కనిపెట్టడానికి కావలసింది ఒక బ్రష్షు, కాస్త రంగు, ఒక నోటుబుక్కు, లేచి వెళ్లిపోని మనిషి.

ఆ మనిషిని తయారుచేసే పనే టీచింగ్. ప్రమోషన్ లెక్కలో దాన్ని చివరి వరుసలో కూర్చోబెట్టడం నాకు అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. విద్యార్థి 'కుక్క భయపడింది' అని రాస్తాడు. టీచర్ ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన 'ఏం కనబడింది?' అని రాస్తుంది. వాడు మళ్లీ వెళ్లి చూసి, ఈసారి 'చెవులు వెనక్కి వాలాయి, తోక కాళ్ల మధ్యకు పోయింది, మూడడుగులు వెనక్కి వేసింది' అని రాసుకొస్తాడు. ఒకే కుక్కను ఇద్దరు విద్యార్థులు విడివిడిగా చూసి రాసినవి పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతారు. కాలు తట్టి లెక్కలకు జవాబు చెబుతుందని పేరుపడ్డ క్లెవర్ హాన్స్ అనే గుర్రం నిజానికి లెక్కలు చేయట్లేదని, 1907లో ప్రశ్న అడిగేవాళ్ల తల కదలికను గమనించి కాలు తట్టడం ఆపేస్తోందని ఆస్కర్ ఫుంగ్స్ట్ తేల్చింది ఈ ఓపికతోనే. అడిగేవాళ్లకే తెలియని కదలిక అది. ఇలాంటి దిద్దుబాటుకు ఒక్కో నోటుబుక్కుకు గంట పడుతుంది. ఆ గంటలో పేపర్ రాసుకుంటే పదోన్నతి వస్తుందని టీచర్లకు తెలుసు, అయినా దిద్దేవాళ్లున్నారు, వాళ్ల వల్లే ఈ శాస్త్రం నిలబడింది.

కొలత లేకపోతే పనిచేయనివాళ్లు దాక్కుంటారు, ప్రజల డబ్బుకు లెక్క చెప్పాలి అంటారు కొందరు. నిజమే, లెక్క చెప్పాల్సిందే, ఏ లెక్క అన్నదే నా ప్రశ్న. కెమెరాలున్నాయి, డీప్‌ల్యాబ్‌కట్ లాంటి సాఫ్ట్‌వేర్ 2018 నుంచి వీడియోలో జంతువు ఒంటి కదలికల్ని దానంతటదే పట్టేస్తోంది, ఇక మనిషి కూర్చోవడమెందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ తోక ఎక్కడుందో చెబుతుంది. ఆ తోక గురించి ఏం అడగాలో ఆ జంతువు దగ్గర ఏళ్లు గడిపినవాళ్లకే తడుతుంది.

సంఖ్యే సర్వమైతే ఏం చూడకుండా వదిలేస్తామో 2020లో బయటపడింది. సాలీళ్ల ప్రవర్తన మీద వచ్చిన కొన్ని పేపర్లలో వేర్వేరు సాలీళ్లవనుకున్న కొలతల్లో అవే అంకెలు మళ్లీ మళ్లీ ఉన్నాయని తేలి, ఒకదాని వెంట ఒకటి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. డేటాను మళ్లీ తెరిచి లైను లైనూ చూసినవాళ్లలో ఆ పేపర్ల మీద తమ పేరున్న సహరచయితలే ఉన్నారు. తమ పేపర్‌ను తామే వెనక్కి తీసుకున్నారు, తమ జాబితాను తామే తగ్గించుకున్నారు. ఆ ఏడాది ఈ శాస్త్రానికి అంతకంటే పెద్ద మేలు ఇంకెవరు చేశారో నాకైతే తోచదు. మన ఫారంలో మాత్రం అది ఒకటి తగ్గినట్టే.

ఇది కోతులు, కందిరీగల దగ్గర ఆగే విషయమైతే ఇంత రాసేవాణ్ని కాను. మన బహిరంగ జీవితమంతా ఆ కొత్త విద్యార్థి నోటుబుక్కులాగే నడుస్తోంది. కొట్టుకున్న ఇద్దరూ వార్త, అరిచినవాడు చర్చ, ఆ గంటలో మామూలుగా పనిచేసుకుంటూ, పిల్లల్ని సాకుతూ, పక్కవాడికి చేయందిస్తూ గడిపిన మిగతా అందరూ లెక్కలో లేరు. తర్వాత ఆ నోటుబుక్కు చూసుకుని మనుషులంటే ఇంతే, ఎప్పుడూ కొట్టుకు చస్తారని తీర్మానించేస్తాం. చూసింది ఏది, అనుకున్నది ఏది అని విడదీయడం, ఎవరిని చూడాలో గోల మొదలవకముందే నిర్ణయించుకోవడం, ఈ రెండూ జంతు ప్రవర్తన క్లాసులో నేర్పినంత గట్టిగా ఇంకెక్కడా నేర్పడం నేను చూడలేదు. డిగ్రీ చదివే ప్రతి ఒక్కరూ, ఏ సబ్జెక్టు వాళ్లయినా సరే, ఒక్క సెమిస్టర్ ఆ క్లాసులో కూర్చోవాలని నా గట్టి కోరిక.

ముందు ఫారం మార్చండి. ఎన్నేళ్లుగా ఒకే గుంపును చూస్తున్నారు, ఆ రికార్డును ఇంకొకరు తెరిచి చదవగలిగేలా ఉంచారా, మీరు రిటైరైతే అది ఎవరి చేతికి పోతుంది అని అడగండి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో డేవిడ్ లాక్ 1947లో గ్రేట్ టిట్ అనే చిన్న పక్షుల గూళ్ల లెక్క మొదలుపెట్టారు. ఆయన 1973లో పోయారు. లెక్క ఆగలేదు, చేతులు మారింది, ఆ తర్వాత మళ్లీ మారింది. ఇప్పటికీ ప్రతి వసంతంలో ఎవరో ఒకరు ఆ అడవిలో చెట్టు చెట్టుకూ తిరిగి, గూటిపెట్టె తెరిచి, గుడ్లెన్నో రాసుకుంటున్నారు. ఖాళీగా ఉంటే ఖాళీ అని రాస్తున్నారు.