స్ట్రాటజిక్ ప్లాన్ గారికి, గేటు ముందు జిరాక్స్ కొట్టు నుంచి

గౌరవనీయులైన స్ట్రాటజిక్ ప్లాన్ గారికి,

నమస్కారం. నేనెవరో మీకు గుర్తుండకపోవచ్చు. మీరు పుట్టిన రోజు రాత్రి పదకొండున్నర దాకా షట్టరు సగం దించుకుని, మీ 118 పేజీలకూ చిల్లులు పొడిచి నల్ల స్పైరల్ ఎక్కించినవాణ్ణి నేనే. మర్నాడు ఆడిటోరియంలో మీ మీద కప్పిన పట్టుగుడ్డ తీయగానే అందరూ చప్పట్లు కొట్టారట. ఆ గుడ్డ అసలు బరంపురం పట్టేనని విన్నాను, సంతోషం. పురిటి ఖర్చుల బిల్లు మాత్రం ఇంకా అకౌంట్స్ సెక్షన్‌లోనే ఉంది. ఆ సంగతి తర్వాత.

మీ యూనివర్సిటీ పేరు రాయను. ఒడిశా దక్షిణపు అంచున గంజాం నుంచి కొరాపుట్ దాకా యూనివర్సిటీలు ఒకటికి మించే ఉన్నాయి, ప్రతి గేటుకీ ఎదురుగా ఒక జిరాక్స్ కొట్టూ ఉంటుంది. మాది పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, గేటు లోపలి కాగితాలకి ఇంగ్లీషు. మూడూ వచ్చినా మీ 9వ పేజీ మాత్రం నాకు కొరుకుడు పడలేదు. విజన్ అని ఒకటే వాక్యం, పదకొండు లైన్లు. ఎవరు ఏం చేస్తారో అందులో ఎక్కడుందా అని వేలు పెట్టి వెతుక్కుంటూ పోయాను. వేలు పేజీ దాటింది గానీ దొరకలేదు.

మీ వంశం నాకు బాగా తెలుసు. మీ తాతగారు 2020 కల్లా దేశంలో మొదటి వరసలో ఉంటామన్నారు. ఆయన కాపీలు కట్ట కట్టి నా కొట్లో ఉండగానే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. కొట్టు రేకులు లేచిపోయాయి, తాతగారు తడిసి ముద్దయ్యారు. భయపడుతూ ఆఫీసుకి కబురు పెడితే "పరవాలేదు, ఎవరూ అడగలేదు" అన్నారు. తర్వాత మీ నాన్నగారు 2025 అన్నారు. మీరు 2030 అంటున్నారు, వెనక అట్ట మీద 2047 కూడా వేయించుకున్నారు. మూడు తరాల్లోనూ మొదటి పేరా ఒకటే, మారింది సంవత్సరమే. నాకెలా తెలుసంటే మార్చింది నేనే. ఫైండ్ కొట్టి, రీప్లేస్ కొట్టాను. అర నిమిషం పని. దానికి డబ్బులు కూడా వేయలేదు.

37వ పేజీ సంగతి మీకు చెప్పాలి, మీకే తెలియకపోవచ్చు. అక్కడ "మన ఎడారి ప్రాంత అవసరాలకు తగిన పరిశోధన" అని ఉంది. నేను ప్రూఫ్ తీసి కంగారు పడ్డాను. ఇక్కడ అక్టోబరు వస్తే ఆకాశం వైపు చూసి గొడుగూ, కొవ్వొత్తులూ సర్దుకునే జనం మేము. ఎడారేమిటి? ఫైలు తెచ్చిన అసిస్టెంటుకి చూపించాను. ఆయన చాలాసేపు చదివి, "అకడమిక్ కౌన్సిల్ పాస్ చేసేసింది, ఇప్పుడు తీసెయ్యడానికి లేదు" అన్నాడు. చివరికి ఇద్దరం కూర్చుని "ఎడారి మరియు తీర ప్రాంత" అని సర్దాం. అలా మీరు భౌగోళికంగా దేశంలోకెల్లా విశాలమైన ప్లాన్ అయ్యారు.

బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని నాలుగు రంగుల గడులున్న పేజీ కూడా నాకు ఇష్టం. కలర్ ప్రింటు బాగా వచ్చింది. "రాష్ట్ర సరిహద్దులో ఉండడం" అన్నది బలహీనతల గడిలో మూడోది, అవకాశాల గడిలో మొదటిది. ముప్పుల గడిలో ప్రైవేటు యూనివర్సిటీలు ఉన్నాయి. మాస్టర్లు లేకపోవడం ఏ గడిలోనూ లేదు. అది ముప్పు కాదు కాబోలు, అలవాటు.

మాస్టర్లంటే గుర్తొచ్చింది. మీ నాలుగో అధ్యాయం ఎవరు రాశారో మీ మొదటి పేజీల్లో లేదు. కృతజ్ఞతల్లో పద్నాలుగు పేర్లున్నాయి, ఆయనది లేదు. ఇచ్ఛాపురం నుంచి రోజూ వచ్చిపోయే గెస్టు లెక్చరర్ ఒకాయన రాశాడు. ఆ సాయంత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చాడు.

"బాబాయ్, నాలుగోది కొంచెం నీట్‌గా తియ్యి. వీసీ గారు చూస్తారంట."

"దేని గురించి మాస్టారూ?"

"ప్రతిభావంతులైన అధ్యాపకుల్ని ఆకర్షించి, నిలబెట్టుకోవడం గురించి."

"మరి మీది ఎప్పటిదాకా?"

"మార్చి ముప్పయ్యొకటి."

ఇద్దరం టీ తాగాం. డబ్బులు నేనే ఇచ్చాను. గెస్టు మాస్టర్లకి గంటకి 1,500, నెలకి 50,000 దాటకుండా ఇవ్వొచ్చని యూనివర్సిటీలకి రూల్సు పెట్టే యూజీసీ 2019లోనే చెప్పింది. అందులో "దాటకుండా" అన్న ముక్క ఒక్కటీ మీ ఆఫీసు తు.చ. తప్పకుండా పాటిస్తోందని ఆయన అన్నాడు. పక్కా పోస్టుల కథ వేరు. మా రాష్ట్రంలో 2020లో యూనివర్సిటీల చట్టం మార్చి నియామకాలు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి అప్పగించారు, గొడవ కోర్టుకెక్కింది, 2022లో సుప్రీంకోర్టు ఆపమంది. పెద్దవాళ్ల తగువు, నాకెందుకు గానీ, ఆ ఏళ్లలో ఉద్యోగాలకి అప్లికేషన్ పెట్టడానికి నా దగ్గర సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకున్న కుర్రాళ్లకి ఇప్పుడు జుట్టు నెరిసింది. ఈ మధ్య వాళ్ల ఫొటోలు మళ్లీ తీయించాల్సి వస్తోంది, పాతవి పోలిక కలవడం లేదని.

ఇక పరిశోధన. మీ 52వ పేజీలో నిధుల వనరులంటూ పెద్ద పటం వేశారు. అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ అని 2023లో చట్టం వచ్చింది, ఐదేళ్లలో 50,000 కోట్లని చెప్పారు. ఆ పెట్టెలోంచి మీ పెట్టెలోకి లావుపాటి బాణం గీయించారు. బాణం నేనే గీశాను, మందం పెంచమంటే రెండుసార్లు పెంచాను. అంత ఖర్చు పెట్టి గీసిన పటంలో ఒక సంస్థను మరిచిపోయారు. ఈ గేటు దగ్గర పరిశోధనకి నికరంగా నిధులిస్తున్నది నా అప్పుల పుస్తకం. నవ్వకండి. పరిశోధనకి ఇచ్చే జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వచ్చిన పిల్లలకి 2023 జనవరి నుంచి నెలకి 37,000 అని కాగితం మీద ఉంది. ఆ కాగితమూ నేనే జిరాక్స్ తీశాను. అది చేతికి వచ్చేలోగా, అసలు అది రాని పిల్లలకి ఎప్పటికీ, థీసిస్ ఐదు కాపీల హార్డ్ బైండింగ్, బంగారు అక్షరాలు, ముందూ వెనకా ప్రశ్నాపత్రాల ప్రింట్లు అన్నీ ఎర్ర అట్ట పుస్తకంలోకే. కెమిస్ట్రీ వాళ్ల ప్రింటరులో టోనరు అయిపోయి రెండు పండగలు దాటాయి. ఆ డిపార్ట్‌మెంటుకి నేను ఎంత గ్రాంటు ఇచ్చానో లెక్క వేస్తే నన్ను పాలకమండలిలో వెయ్యాలి. పైగా నా నిధులకి యుటిలైజేషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. "బాబాయ్, వచ్చే నెల" అంటే చాలు.

ప్రచురణలు మూడింతలు చేస్తామన్నారు కదా, అందులోనూ నా చెయ్యి ఉంది. పేపరు వేయడానికి డబ్బడిగే జర్నళ్లకి పిల్లలు ఫోన్‌పే కొట్టేది ఈ కౌంటరు దగ్గర నిలబడే. సిగ్నల్ ఇక్కడే బాగుంటుంది. పొద్దున్న డబ్బు పంపితే సాయంత్రానికి "మీ వ్యాసం నిపుణులు పరిశీలించి ఆమోదించారు" అని మెయిల్ వస్తుంది. మా వీధిలో పిండిమర కూడా అంత తొందరగా తిరగదు. ఇలాంటివాటిని ఏరెయ్యడానికే యూజీసీ కేర్ జాబితా అని ఒకటి పెట్టి నడిపింది, 2025లో దాన్నీ ఎత్తేసింది. మీ 58వ పేజీలో మాత్రం "2030 నాటికి కేర్ జాబితా వ్యాసాలు రెట్టింపు" అని ఇంకా ఉంది. ఎత్తేసిన వంతెన మీద ట్రాఫిక్ రెట్టింపు చేస్తామన్నట్టు. మీ నాన్నగారి ఒంట్లోంచి వచ్చిన ముక్క అది, నేను చూసుకోవాల్సింది.

ర్యాంకుల అధ్యాయం కూడా చదివాను. కేంద్రం యూనివర్సిటీలకి ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కలో నూటికి పది మార్కులు పర్సెప్షన్‌కట. అంటే నలుగురూ ఏమనుకుంటున్నారన్నది. ఆ పది మార్కుల కోసం మీరు కన్సల్టెంటును పెడతామన్నారు. ఆ నలుగురూ రోజూ సాయంత్రం నా కొట్టు ముందు బల్ల మీదే కూర్చుంటారండీ. హాస్టల్లో నీళ్లు రావని ఒకడు, రిజల్ట్ రాలేదని ఒకమ్మాయి, గైడు ఫోన్ ఎత్తడం లేదని ఇంకొకడు. కన్సల్టెంటు వస్తే ఒక కుర్చీ వేస్తాను. టీ ఖర్చు ఆయనదే.

ఇప్పుడు 64వ పేజీ. దీని దగ్గర కాస్త ఆగుతాను, విసుక్కోకండి. "స్థానిక భాషల ఉత్కృష్టతా కేంద్రం" అని పెట్టారు. ఎక్కడ వస్తుందో నాకు తెలుసు, విరిగిన కుర్చీలు పడేసిన గదికి కొత్త బోర్డు రాయించారు. కింద పట్టికలో ఒడియా, ఇంగ్లీషు, సంస్కృతం, గిరిజన భాషలు, ఇతర. మా ఇంటిల్లిపాదీ "ఇతర"లో ఉన్నాం. ఇరుకేమీ లేదు, పక్కకి జరిగి ఇంకొకళ్లకి చోటివ్వొచ్చు కూడా. నా బాధ అది కాదు. మా గెస్టు మాస్టారు ఆ పేజీలో అరపేజీ బాక్సు ఒకటి పెట్టాడు, గిడుగు రామమూర్తి పంతులు గారి మీద. 1880లో నెలకి ముప్ఫై రూపాయల జీతానికి పర్లాకిమిడి రాజావారి స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పడానికి చేరిన మనిషి. చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మాట నేర్చుకోవాలనిపించి, ఆ భాష తెలిసినతన్ని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాశారు, సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టారు. ఆ భాష వ్యాకరణం 1931లో అచ్చయ్యేసరికి ఆయనకి అరవై ఏడో అరవై ఎనిమిదో. కొండల్లో తిరిగి జ్వరాలొస్తే క్వినైన్ మింగీ మింగీ చెవులు పోయాయి. వినపడని మనిషి ఒక భాషని అంత బాగా విన్నాడు.

బాక్సు కమిటీకి వెళ్లింది. ఎర్ర సిరాతో తిరిగొచ్చింది. పక్కన ఒకటే ప్రశ్న: "ఏ డిపార్ట్‌మెంట్?"

మాస్టారు ఏమీ అనలేదు. ఆ అరపేజీ ఖాళీలో ఏం పెట్టాలని అడిగాను. గ్లోబు బొమ్మ ఒకటి నెట్‌లోంచి దింపి పెట్టమన్నాడు. పెట్టాను. చేతులు కలుపుకున్న మనుషులు గ్లోబు చుట్టూ నిలబడి ఉంటారు చూడండి, అదే. అదే పేజీ కింద మీరు "సంబంధిత వర్గాలందరి అభిప్రాయాలూ శ్రద్ధగా విన్నాం" అని రాసుకున్నారు.

ఒప్పందాలు ఇరవై ఐదు చేసుకుంటామన్నారు. చేసుకోండి, ఫోల్డర్లు నేనే సప్లై చేస్తాను. మా కొరాపుట్ వైపు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి, అంటే ఆంధ్రా యూనివర్సిటీకి, ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. విశాఖలో సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టుకున్నారు. ఆయన పంపిన లక్షలకి మా వీధి పిల్లలు ఇప్పటికీ హాస్టల్ ఫీజులు కలుపుతూనే ఉన్నారు. వాళ్ల స్ట్రాటజిక్ ప్లాన్ ఒకటే లైను: ఇంటర్ అవగానే విశాఖ రైలెక్కడం. అది ఎవరూ ప్రింట్ తీయించలేదు, ఏటా అమలవుతోంది.

సరే, బిల్లు. అరవై కాపీలు, ఆర్ట్ పేపరు అట్ట, లోపల 34 కలర్ పేజీలు. రూల్ ప్రకారం మూడు కొటేషన్లు కావాలంటే మూడూ నేనే టైపు చేసి ఇచ్చాను. దాచడమెందుకు, మీ పారదర్శకత అధ్యాయానికి నా వంతు సాయం. ఎనిమిది నెలలైంది. అకౌంట్స్‌లో పెద్దాయన చాలా మర్యాదస్తుడు, కుర్చీ చూపిస్తాడు, "హెబొ, హెబొ" అంటాడు. అవుతుంది, అవుతుంది అని. ఎప్పుడని అడిగితే "కాలి ఆసంతు." రేపు రండి అని. ఒడియాలో "కాలి" అంటే రేపూ కావచ్చు, నిన్నా కావచ్చు. చిన్నప్పుడు మా నాన్న ఇది చెబితే ఒకే మాట రెండింటికీ ఎలా సరిపోతుందా అనుకునేవాణ్ణి. మిమ్మల్ని బైండు చేశాక తెలిసింది.

మొన్న అక్కడికి వెళ్తే బిల్లు కాపీ కనపడడం లేదన్నారు, మళ్లీ పెట్టమన్నారు. వస్తుంటే వరండాలో మన అసిస్టెంటు ఎదురై పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. మీ మధ్యకాలపు సమీక్ష నివేదికట, శుక్రవారానికి కావాలి, కలర్. ఫైలు పేరు "ఫైనల్ ఫైనల్ 3". తెరిచి చూశాను. మొదటి పేరా మీదే. 2030 ఉన్న చోట పసుపు రంగు పూసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఏ సంవత్సరం వెయ్యాలో మీరే ఒక మాట చెబితే ఇప్పుడే కొట్టేస్తాను, కరెంటు ఉండగానే.

ఇట్లు,
గేటు ముందు జిరాక్స్ వాడు

జత: బిల్లు, నాలుగో నకలు. మొదటి మూడూ మీ దగ్గరే ఉన్నాయి.